వాడియాగారి జీవితము – కార్మికసంఘమున కార్యవర్గ ధర్మము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ప్రచురింపబడు సంచికకు ఒక మహనీయుని జీవితకథ వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు నన్నడిగిరి. రాజుల కథలును కవుల కథలును వ్రాయుటకు నాకంటె సమర్థులు కలరు. నేను గ్రామపు లెక్కలు వ్రాయుచు, తీరిక దొరకినప్పుడు ఈ గ్రంథాలయపు అరుగుమీద కూర్చుండి భారతభాగవతములు స్వయముగా చదువుకొన్నవాడను. కావున లెక్కల పుస్తకమునకును ధర్మమునకును సంబంధముగల కథ నొకదానిని ఎన్నుకొంటిని. అది బహమన్ పెస్తన్‌జీ వాడియాగారి కథ. మనదేశమున క్రమపద్ధతిని నడచిన మొదటి కార్మికసంఘముగా చరిత్రకారులు చెప్పు మదరాసు లేబరు యూనియనుకు ఆయన మొదటి అధ్యక్షులు. ఆ సంఘపు పెద్దలకు వచ్చిపడిన కష్టమే ఈ కథకు ఆయువుపట్టు.

చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభము చదివినవారికి చిత్రగ్రీవుడను కపోతరాజు జ్ఞాపకముండును. వలలో చిక్కిన పావురములన్నియు ఒక్కుమ్మడిగా ఎగిరి వలనే ఎత్తుకొనిపోయినవి. ఈ భాగమును అందరును చెప్పుకొందురు. దాని తరువాతి భాగమును తలచువారు తక్కువ. హిరణ్యకుడను ఎలుక తన మిత్రుని బంధములను ముందుగా కొరుకబోగా, తన పరివారము బంధములను ముందు త్రెంపుమని చిత్రగ్రీవుడు కోరెను. కలిసి ఎగురుట సమూహము చేయవలసిన పని. ఎవరి బంధము ముందు తెగవలెనో ఆలోచించుట నాయకులు చేయవలసిన పని. వాడియాగారి జీవితమున ఈ రెండును జరిగినవి.

వాడియాగారు 1881వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన బొంబాయిలో జన్మించిరి. వారిది ఓడల నిర్మాణమున పేరుగాంచిన పారసీ వంశము. తండ్రి వస్త్రవ్యాపారము చేసెడివారు. బట్టల బేరము కన్నులయెదుట పెరిగిన ఆ బాలుడే తరువాత బట్టలు నేయు కూలివారి పక్షమున నిలుచుట విధివిలాసము. యౌవనమున ఆయనకు దివ్యజ్ఞాన సమాజముపై భక్తి కుదిరినది. వ్యాపారమును విడిచి 1908 ప్రాంతమున మదరాసుచెంతనున్న అడయారు చేరి, సమాజపు గ్రంథప్రచురణశాలను నడపుచు, అనీబిసెంటమ్మగారి న్యూ ఇండియా పత్రికలో పనిచేయుచుండిరి. హోంరూలు ఉద్యమము చెలరేగినప్పుడు 1917 జూనులో ప్రభుత్వమువారు బిసెంటమ్మగారిని, అరండేలుగారిని, వాడియాగారిని నిర్బంధించిరి. ఆ ముగ్గురును ఉదకమండలమున కొన్ని నెలలు గడపి, దేశమంతట కలిగిన ఆందోళనముచే సెప్టెంబరులో విడుదల పొందిరి. ఇంతవరకు ఆయన రాజకీయవాది, పత్రికారచయిత, వేదాంతి. కార్మికుల గుడిసెలకును ఆయనకును పరిచయము లేదు.

ఆ కాలమున తెలుగు జిల్లాలు పెక్కింటికి మదరాసే రాజధాని. ఆ పట్టణమున పెరంబూరు ప్రాంతమందు బకింగ్‌హాం మిల్లు, కర్ణాటక్ మిల్లు అను రెండు పెద్ద నూలు, బట్టల కర్మాగారములుండెడివి. బిన్నీ కంపెనీవారు వాటిని నడపుచుండిరి. వేలకొలది జనులు వాటిలో పనిచేసెడివారు. నాటి చట్టము ప్రకారము బట్టలమిల్లులో దినమునకు పండ్రెండు గంటలవరకు పని చేయింపవచ్చును. నడుమ భోజనమునకు అరగంట మాత్రము విరామము. మొదటి ప్రపంచయుద్ధము వలన బియ్యము ధరయు బట్ట ధరయు మండిపోవుచుండగా కూలి మాత్రము వాటి వెంట నడువలేకపోయినది. పనివానిని మేస్త్రీ తిట్టినను కొట్టినను చెప్పుకొనుటకు చోటు లేదు. ఒక్కడు పోయి మొరపెట్టుకొన్నచో మరునాడు వానికి పని యుండదు. ఈ ఒంటరితనమే నాటి పనివాని అసలు దారిద్ర్యమని నాకు తోచును.

ఆ మిల్లుల సమీపమున వేంకటేశ గుణామృతవర్షిణీ సభ యను భక్తసమాజ మొకటి యుండెడిది. సెల్వపతి శెట్టిగారు, రామానుజులు నాయుడుగారు అను ఇద్దరు గృహస్థులు దానిని నడపుచుండిరి. పనివారు అలసిన శరీరములతో వచ్చి అచట హరికథలును ఉపన్యాసములును వినెడివారు. వినుచు వినుచు తమ కష్టములు చెప్పుకొనెడివారు. ఈ మొరలు వినివిని మనస్సు కరగిన ఆ ఇద్దరును, పేరుపడిన పెద్దవారి అండ కావలెనని తలచి, న్యూ ఇండియా కార్యాలయమునకు పోయి వాడియాగారిని కలిసికొనిరి. ఆయన తానుగా వచ్చి కన్నులార చూచిరి. మిల్లు గేటు మూయు వేళకు పరుగులెత్తు మనుష్యులను చూచిరి. అరగంటలో చేతులు కడిగికొని, అన్నము తిని, తిరిగి యంత్రముకడ నిలువవలసిన తొందరను చూచిరి. తమిళము ఎరుగకపోవుటచే ఆయన ఇంగ్లీషున చెప్పిన మాటలను మరియొకరు తమిళమున చెప్పెడివారు. ఈ విధముగా 1918 ఏప్రిలు 27వ తేదీన మదరాసు లేబరు యూనియను ఏర్పడినది. వాడియాగారు అధ్యక్షులు. శెట్టిగారును నాయుడుగారును కార్యదర్శులు. తమిళ పండితులును పత్రికాసంపాదకులునైన తిరు. వి. కల్యాణసుందర మొదలియారుగారు ఉపాధ్యక్షులలో నొకరు.

ఇచట పాఠకులు ఒక్క విషయము గమనింపవలెను. అంతకుముందు మనదేశమున కార్మికుల మేలు కోరినవారు లేకపోలేదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండేగారు మిల్లుకూలీల పక్షమున ఎంతయో శ్రమించిరి. అయినను ఆయన స్థాపించిన సంఘమునకు సభ్యుల పట్టీ లేదు, నిధి లేదు, నియమావళి లేదు. మహాపురుషుడున్నంతకాలము సంఘమున్నది. ఆయన పోగా సంఘమును పోయినది. మదరాసు సంఘము వేరుదారిని పట్టినది. సభ్యులు పేరు వ్రాయించుకొని క్రమముగా చందా చెల్లింపవలెను. ఆ చందాకు లెక్క యుండవలెను. ఆ లెక్కకు బాధ్యులైన పెద్దలుండవలెను. వారి కూటమినే కార్యవర్గ మందుము.

కార్యవర్గమనగా నేమి? వేదికమీద పూలదండలు వేయించుకొను కొలువు కాదు. పనివాడొకడు వచ్చి తన కూలి కోసినారనిచెప్పినప్పుడు, ఆ మాట నిజమో కాదో విచారించి తెలిసికొనుట దాని మొదటి పని. నిజమైనచో యజమానునకు అర్థమగు రీతిని వ్రాసి తెలుపుట రెండవది. ఉత్తరప్రత్యుత్తరములు జరిగినప్పుడు వాటిని దాచకుండ సభ్యుల యెదుట పెట్టుట మూడవది. పట్టు ఎచట బిగింపవలెనో, ఎచట సడలింపవలెనో నిర్ణయించుట నాలుగవది. పెట్టెలోని పైకము ఎవరిదో ఎన్నడును మరువకుండుట అన్నింటికంటె కడపటిది, అన్నింటికంటె పెద్దది. వేయిమంది గుంపు కోపపడగలదు గాని ఉత్తరము వ్రాయలేదు. యజమానుడు వేయిమందితో మాటాడలేడు, ఏడెనిమిదిమందితో మాటాడగలడు. ఆ ఏడెనిమిదిమంది నమ్మదగినవారైన సంఘము నిలుచును, కానిచో కూలును.

మదరాసు సంఘపు మొదటి కోరికలలో నొకటి మిక్కిలి చిన్నది. మధ్యాహ్న విరామమును ముప్పది నిమిషముల నుండి నలుబది నిమిషములకు పెంచుడని వారడిగిరి. పది నిమిషములే! వినువారికి నవ్వు వచ్చును. కాని పండ్రెండు గంటల పనిలో పది నిమిషముల విలువ అన్నపు ముద్ద గొంతు దిగువరకు కూర్చుండలేనివానికి తెలియును. రాజ్యములు కోరక నిమిషములు కోరుట వలననే, ఈ పెద్దలు తమవారి దినచర్య ఎరిగినవారని పనివారికి నమ్మిక కలిగినది. సంఘము చవుకధర ధాన్యపు దుకాణమును తెరచినది. చిన్న గ్రంథాలయమునుకూడ పెట్టినది. పస్తులతో పోరాడువారు పుస్తకములకును చోటిచ్చిరనుట మన సంచిక పాఠకులకు ప్రియము గూర్చు సంగతి.

1918లోనే పనివారు సమ్మె చేయుదుమని తొందరపడిరి. వాడియాగారు వలదనిరి. ఆ మిల్లులు యుద్ధమునకు పోయిన సైనికులకు బట్ట నేయుచున్నవి, పని నిలిచినచో నష్టము బిన్నీవారికంటె సైనికులకు ఎక్కువగా కలుగునని ఆయన వాదము. ఈ నిర్ణయమును నేటివరకును తప్పుపట్టువారు కలరు. తెల్లదొరల యుద్ధముతో మన కూలివానికేమి పనియని వారి ప్రశ్న. ఆ ప్రశ్నలో బలమున్నది. అయినను ఒక్కటి ఒప్పుకొనవలెను. కోపముతో నున్న జనము ముందు నిలిచి వారికి అప్రియమైన మాట చెప్పుటకు కావలసిన ధైర్యము, యజమానుని ముందు నిలుచుటకు కావలసినదానికి తీసిపోదు. జనము అనుమన్నదానినే అను నాయకుడు ప్రతిధ్వనివంటివాడు.

కొలదికాలములోనే సంఘపు గాలి మదరాసంతట వీచినది. ట్రాము కార్మికులు, పెరంబూరు రైలు వర్కుషాపు పనివారు, అచ్చుకూటములవారు, రిక్షాలాగువారు సంఘములు కట్టుకొనిరి. పెక్కింటికి వాడియాగారే అండ. 1919లో ఆయన సీమకు పోయి భారతకార్మికుల స్థితిని అచటి పెద్దలకు విన్నవించిరి. ఆ సంవత్సరాంతమున వాషింగ్టనులో జరిగిన మొదటి అంతర్జాతీయ కార్మిక మహాసభకు మనదేశ కార్మిక ప్రతినిధిగా ఎన్.ఎం. జోషిగారు వెళ్ళగా, వాడియాగారు సలహాదారుగా పాల్గొనిరి. పెరంబూరు వీథులలోని గొడవ ప్రపంచసభకు ఎక్కినది.

ఇక పరీక్షాకాలము వచ్చినది. 1920 అక్టోబరులో బకింగ్‌హాం మిల్లులో వివాదము ముదిరి యాజమాన్యమువారు లాకౌటు ప్రకటించిరి, అనగా తలుపులు మూసి పనివారిని వెలుపల నిలిపిరి. నెల గడచినది, రెండవ నెలయు నడచుచుండెను. ఇండ్లలో పొయ్యి రాజుకొనుట కష్టమైనది. డిసెంబరు 9వ తేదీన పోలీసుల కాల్పులలో ఇద్దరు మరణించిరి. ఇంతలో యాజమాన్యమువారు మదరాసు హైకోర్టున వాడియాగారిపైనను ఆయన తోడి సంఘనాయకులపైనను దావా వేసిరి. పనివారు కంపెనీతో చేసికొన్న ఒడంబడికను భంగపరచునట్లు వీరు ప్రేరేపించిరనియు, అందుకు నష్టపరిహారము చెల్లింపవలెననియు, ఇకముందు అట్లు చేయకుండ ఆపవలెననియు ఆ దావా సారాంశము. కోర్టువారు నిషేధపుటుత్తరువు, అనగా ఇంజంక్షను, ఇచ్చిరి.

లెక్కలవాడనగుటచే ఈ దావా భావము విప్పి చెప్పుట నా ధర్మమనుకొందును. ఆనాడు మనదేశమున కార్మికసంఘమును గుర్తించు చట్టమే లేదు. చట్టము కన్నులకు సంఘము కనబడదు, వ్యక్తులు మాత్రము కనబడుదురు. సంఘము తీర్మానించినను బాధ్యత ఆ తీర్మానమును అమలుజరిపిన మనుష్యులది. అట్టి దావా గెలిచినచో చేతికి వచ్చునది వారి ఇల్లు, వారి దుకాణము, వారి పెట్టెలోని సొమ్ము. హరికథలు వినుటకు వచ్చిన పనివారి మొర విన్న పాపమునకు ఒక గృహస్థు ఆస్తి వేలమునకు రావచ్చును. కార్యవర్గ సభ్యుడగుట ఎంత ప్రమాదమో దేశమంతటికి ఆనాడు తెలిసినది. ఇట్టి దావాలు నిలిచినచో ఇక నెవడు కార్యదర్శిగా నుండుటకు ఒప్పుకొనును? ఒప్పుకొనువాడు లేనిచో సంఘ మెచటనుండి వచ్చును?

1921 జనవరిలో రాజీ కుదిరినది. దాని ముఖ్యమైన షరతు వాడియాగారు సంఘముతో సంబంధము వదలుకొనుట. అందుకు బదులు కంపెనీవారు దావాను విడిచిరి. పనివారు తిరిగి పనిలో చేరిరి. వాడియాగారు తాను పెంచిన సంఘమును చేతులార విడిచి వెలుపలికి నడచిరి.

ఇది ఓటమియా? ధర్మమా? ఈ ప్రశ్నను నేను చాల రాత్రులు తలపోసితిని. నాయకుడు చివరివరకు నిలిచి జైలునకైన పోవలెను గాని యజమాని చెప్పిన షరతునకు తలయొగ్గరాదని కొందరందురు. సంఘమునకు ఎవరు అధ్యక్షులుగా నుండవలెనో సభ్యులు నిర్ణయింపవలెను, ప్రతిపక్షి నిర్ణయించుట అన్యాయమనియు అందురు. అది నిజమే. కాని లాకౌటులో పస్తులున్న కుటుంబములను, తలపై దావా వ్రేలాడుచున్న తోటి పెద్దలను ఆయన చూడవలసియుండెను. తన బంధమును ఉంచుకొని పరివారము బంధములను త్రెంపించుటయే ఆయనకు తోచిన దారి. మన చిత్రగ్రీవుడు చేసినదియు అదియే. ఒక్క భేదము కలదు. చిత్రగ్రీవుని బంధములను హిరణ్యకుడు చివరకు త్రెంపెను. వాడియాగారు మాత్రము కార్మికరంగమునకు మరల నాయకులుగా రాలేదు.

ఆయన వెళ్ళినను సంఘము చావలేదు. నాకు ముఖ్యముగా తోచునది ఇదియే. కార్యదర్శులుండిరి, పట్టీ యుండెను, చందా యుండెను, నియమములుండెను. అయినను కష్టములు తప్పలేదు. అదే సంవత్సరము జూనులో మరియొక పెద్ద సమ్మె వచ్చినది. కల్యాణసుందర మొదలియారుగారు ముందు నిలిచిరి. కూలి లేక నిలువలేక ఆదిద్రావిడ కార్మికులు పెక్కుమంది పనికి తిరిగిపోగా, వారికిని ఇతరులకును పులియాంతోపు ప్రాంతమున ఘోరమైన కలహములు జరిగినవి. ఇండ్లు కాలినవి. ఆగస్టులో పోలీసుల కాల్పులలో మరల ప్రాణములు పోయినవి. అక్టోబరు నాటికి సమ్మె విఫలమైనది. దీనినుండి నేర్వవలసినది నేరుగా చెప్పుకొందము. సంఘములో ఎవడు అందరికంటె బీదవాడో, ఎవడు వారమురోజులు కూలి లేనిచో నిలువలేడో, వాని మాట కార్యవర్గమున వినబడవలెను. సమ్మెకు చేయి ఎత్తుట అందరికి సమానమే గాని, సమ్మె బరువు అందరి భుజములపై సమానముగా పడదు.

మదరాసు దావా వ్యర్థము కాలేదు. 1921 మార్చిలో ఎన్.ఎం. జోషిగారు కేంద్ర శాసనసభలో కార్మికసంఘములకు రిజిస్ట్రేషనును, రక్షణను కల్పించు చట్టము కావలెనని తీర్మానము ప్రవేశపెట్టిరి. ఐదేండ్లకు 1926లో కార్మికసంఘముల చట్టము వచ్చి 1927 జూను 1వ తేదీనుండి అమలైనది. కార్మిక వివాదమున పనివారిని ఒడంబడిక భంగమునకు ప్రేరేపించినారన్న కారణము మాత్రముచేత రిజిస్టరైన సంఘముపై గాని, దాని అధికారులపై గాని, సభ్యులపై గాని సివిలు దావా చెల్లదని ఆ చట్టము శాసించినది. వాడియాగారిని కట్టిన త్రాడు ఆ విధముగా తెగినది.

కాని చట్టము రక్షణను ఊరక ఇయ్యలేదు. దానికి వెల కట్టినది. ఏడుగురు సభ్యులైన చేరి సంతకములు చేయవలెను. కార్యవర్గమును ఎట్లు నియమింతురో, ఎట్లు తొలగింతురో నియమావళిలో వ్రాయవలెను. సంఘనిధిని ఏ పనులకు ఖర్చు చేయవచ్చునో ముందుగా చెప్పవలెను. ఏటేట లెక్కలు తనిఖీ చేయించి రిజిస్ట్రారుకు పంపవలెను. సామాన్య సభ్యుడు వచ్చి లెక్కల పుస్తకము చూపుమన్నచో చూపవలెను. అధికారులలో సగముమందియైన ఆ పరిశ్రమలో నిజముగా పనిచేయువారై యుండవలెను. వాడియాగారివంటి బయటి మహానుభావులకు చోటుంచుచునే, సంఘము పనివారిదేయని చట్టము జ్ఞాపకము చేసినది. 2001లో జరిగిన సవరణ బయటివారి సంఖ్యను మూడవవంతునకు, అదియు ఐదుగురికి మించకుండునట్లు, తగ్గించినది. ఆ పాత చట్టమునకు బదులుగా పార్లమెంటువారు 2020లో పారిశ్రామిక సంబంధముల స్మృతిని ఆమోదించిరి. చట్టముల పేరులు మారును. లెక్క చూపవలెనను ధర్మము మారదు.

వాడియాగారి శేషజీవితము ప్రశాంతమైనది. 1922లో దివ్యజ్ఞాన సమాజమును విడిచి, అదే తత్త్వమును వేరుమార్గమున ప్రచారము చేయు మండలిలో చేరి, విదేశములలో కొంతకాలము పనిచేసి, తిరిగివచ్చిరి. భార్య సోఫియాగారితో కూడి 1945లో బెంగుళూరున ప్రపంచ సంస్కృతి సంస్థను స్థాపించిరి. అందు గొప్ప గ్రంథాలయ మున్నది. కార్మికులకు చిన్న గ్రంథాలయము పెట్టిన సంఘమునకు అధ్యక్షత వహించినవారు తుదకు పుస్తకముల నడుమనే 1958 ఆగస్టు 20వ తేదీన బెంగుళూరున కన్నుమూసిరి. ఆ మిల్లులు 1996లో మూతపడినవి. సంఘము మాత్రము మిల్లులకంటె ఎక్కువకాలము బ్రతికి 2018లో నూరేండ్లు నిండించుకొన్నది.

ఇక నా తప్పు నొకటి చెప్పుకొని ముగింతును. మన గ్రంథాలయము పెట్టిన కొన్ని యేండ్లకు లెక్కలు వ్రాయు పని నాకు అప్పగించిరి. ఒక సంవత్సరము పైరుపనుల తొందరచే కార్యవర్గము ఏడెనిమిది నెలలు కూడలేదు. సంవత్సరాంతమున తీర్మానముల పుస్తకము ఖాళీగా కనబడుట చూచి, జరుగని సమావేశములను జరిగినట్లు నేనే వ్రాసి, ఇంటింటికి తిరిగి సంతకములు పెట్టించితిని. ఒక్కరును చదువలేదు. అందరును సంతకము పెట్టిరి. ఒక్క వృద్ధచందాదారు మాత్రము గ్రంథాలయమునకు వచ్చి, పుస్తకము తెరచి చూచి, ఆ తేదీన ఊరిలో జాతర కదా, మీరెట్లు కూడితిరని అడిగెను. నాకు నోట మాట రాలేదు. పైసా పోలేదు, ఎవరును మోసపోలేదు. అయినను ఆనాడు మన కార్యవర్గము కాగితముమీద బ్రతికి నిజమున చచ్చియుండెను. ఆ పుటలు నేటికిని బీరువాలో నున్నవి. చింపుటకు నాకు మనసొప్పలేదు. చూడదలచినవారికి చూపుదును.

అప్పటినుండి నెల తప్పక కార్యవర్గము కూడుచున్నది. కొన్ని నెలలు నలుగురే వత్తురు. నలుగురు వచ్చినారనియే వ్రాయుచున్నాను. వాడియాగారి కథ చదివిన తరువాత నాకు కలిగిన జ్ఞానము ఇంతియే: మహానుభావుడు సంఘమును పుట్టింపగలడు, నిలుపువారు మాత్రము క్రమముగా కూడి, నిజము వ్రాసి, అడిగినవానికి లెక్క చూపు సామాన్యులే. రాబోవు ఇరువదియైదేండ్లును మన గ్రంథాలయమునకు అట్టి సామాన్యులు దొరకుదురు గాక.